చిన్న కంపెనీలో దెయ్యం వేషం

నేను కబడ్డీ ఆడేదాన్ని. కాలేజీకి ఆడేను, జిల్లాకి ఆడేను, ఆ పైన ఎవరూ పిలవలేదు. డిగ్రీ అయ్యేక అమలాపురంలో ఒక బట్టల కొట్లో చీరల సెక్షన్‌లో చేరేను. పొద్దుట్నించీ మడతలు విప్పడం, సాయంత్రానికి అవన్నీ మళ్ళీ పెట్టడం. మా ఊరు కాట్రేనికోన అవతల, సముద్రం వైపు. నాన్నగారు వేటకి వెళ్ళేవారు, అమ్మ ఎండుచేపలు అమ్మేది. నేను కొట్టుకి దగ్గర్లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని.

ఒక రోజు టెంట్ హౌస్ ఓనరుగారు తెల్లగుడ్డ తానుల కోసం వచ్చేరు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిచ్చే మనిషి. పై అరలో ఉన్న తానుని నేను ఒంటి చేత్తో దింపితే ఆయన నా మొహంలోకి చూసేరు.

"మీరు కబడ్డీ అమ్మాయి కదండీ? మీ టోర్నమెంటుకి మైకు సెట్టు మాదేనండీ."

"అవునండీ."

"మేం రెజ్లింగ్ కంపెనీ పెడుతున్నామండీ. టీవీలో వస్తాది కదా, అలాంటిది. ఆడపిల్లలు దొరకట్లేదండీ. ఒక్కసారి వచ్చి చూడండి, నచ్చకపోతే మానెయ్యండి."

వెళ్ళి చూసేను. ఊరి చివర మూతపడ్డ కొబ్బరిపీచు మిల్లు షెడ్డు. నానిన పీచు వాసన గోడల్లోకి ఇంకిపోయి ఉంది. మధ్యలో రింగు. షామియానా గొట్టాలూ చెక్కలూ స్పాంజీ, పైన టార్పాలిన్. చుట్టూ కొబ్బరితాళ్ళు, వాటికి రబ్బరు గొట్టాలు తొడిగేరు. మొత్తం మీద ఎనిమిది మందిమి. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపు తీసే కుర్రాడొకడు తాళ్ళ మీంచి పక్షిలా దూకేవాడు. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే బండమనిషి ఒకాయన. జిమ్ము నడిపే అందగాడొకడు, అతనంటే ఓనరుగారికి ప్రాణం. ఆడవాళ్ళం ఇద్దరమే. నేనూ, రాజోలు నుంచి వచ్చే ఒక అమ్మాయీ. నర్సింగు సగంలో మానేసి వచ్చింది.

మాకు నేర్పడానికి ఒక మాస్టారు ఉండేవారు. కపిలేశ్వరపురం వైపు గోదారి లంకల్లో పుట్టి, ఎక్కడెక్కడో పెద్ద ఊళ్ళల్లో రెజ్లింగ్ చేసి, మోకాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన మనిషి. మా మ్యాచ్‌లకి రిఫరీ కూడా ఆయనే. మొదటి నెలంతా ఆయన మాకు పడడమే నేర్పేరు. గెడ్డం గుండెకి ఆనించి, అరచేతులు నేలని కొట్టి, వీపంతా ఒక్కసారి ఆనేలా పడాలి. "ఎవరు గెలుస్తారన్నది ముందే అనుకుంటాం. దాంట్లో దాపరికం ఏం లేదు. పడడం మాత్రం నిజం," అనేవారు.

ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి అన్నదాని మీద ఓనరుగారికీ మాస్టారికీ రోజూ వాదనే. ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, టీ గ్లాసులు పక్కన పెట్టుకుని మాట్లాడుకునేవారు. ఓనరుగారికి జిమ్ము అందగాడు అందర్నీ చితక్కొట్టెయ్యాలి. మాస్టారు ఒప్పుకునేవారు కాదు.

"పెద్ద కంపెనీలో ఒకడు పోతే ఇంకొకడు ఉంటాడండీ. మన దగ్గరున్నది ఎనిమిది మంది. ఈ వారం ఒకణ్ణి మట్టి కరిపించేసి పక్కన పడేస్తే, వచ్చే వారం ఎవర్ని చూపిస్తారు? ఓడినవాడు కూడా ఉత్త చేతుల్తో ఇంటికి వెళ్ళకూడదండీ. 'ఓడిపోయేడు గానీ ఏం ఎగిరేడ్రా' అనుకోవాలి జనం. అప్పుడు వాణ్ణి చూడ్డానికి కూడా వస్తారు."

"అందరూ మంచోళ్ళే అయితే చూసేదెవరండీ మాస్టారూ?"

"ఎవడికేం వచ్చో అది చేయించండి. రానిది దాచండి. అంతకంటే ఏం లేదు. ఇంకో మాటండీ. మన జనం టీవీ ముందు కూర్చునే జనం కాదు. రేప్పొద్దున్న వీళ్ళతోపాటు బస్సెక్కుతారు, కూరగాయలు కొనుక్కుంటారు. ఇక్కడ ఒంటికి పూసిన రంగు తొందరగా పోదు."

మొదట్లో నేను నాలాగే ఆడేను. పాత కబడ్డీ జెర్సీ వేసుకుని, కాలి మడమ పట్టుకుంటే వదలని అమ్మాయిగా. మావైపు తీర్థాలనే జాతరల్లో, ఊరి గ్రౌండుల్లో సాయంత్రం పూట మ్యాచ్‌లు. జనం బాగానే చప్పట్లు కొట్టేవారు. వర్షాలు మొదలయ్యేక కుర్చీలు ఖాళీగా కనపడ్డం మొదలెట్టేయి. ఓనరుగారు నిద్రపోవడం మానేసేరు.

ఒక ఆదివారం నేను తలంటుకుని, జుట్టు ఆరకుండానే షెడ్డుకి వెళ్ళేను. అప్పట్లో నా జుట్టు నడుం దాటి ఉండేది, దట్టంగా. ముడి వెయ్యడానికి ముందుకి వంగేసరికి జుట్టంతా మొహం మీద పడింది. ఓనరుగారు టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయేరు.

"ఇదేనండీ," అన్నారు. "ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉంది."

అలా నేను దెయ్యాన్నయ్యేను. తెల్లచీర. మ్యాచ్ మొదలయ్యే ముందే రింగు కిందకి దూరి పడుకోవాలి. లైట్లు ఎర్రగా మారగానే ఒంటి మీద బిందెడు నీళ్ళు పోస్తారు. జుట్టు మొహం మీద వేసుకుని, నీళ్ళోడుతూ, పాక్కుంటూ బయటికి రావాలి. చెయ్యి చాపితే చాలు, అవతలివాళ్ళు వెనక్కి విరుచుకుని పడిపోతారు. నేనింకేం చెయ్యక్కర్లేదు.

మాస్టారు ఆ రోజు కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేరు. "ఈ పిల్ల పట్టు పడితే మగాళ్ళు విడిపించుకోలేకపోతున్నారండీ. దీని చేత నీళ్ళోడుతూ నిలబడే పని చేయిస్తారా?"

"జనం చూసేది జుట్టండీ. పట్టు ఎవడు చూస్తాడు?"

కొత్తపేట దగ్గర ఒక తీర్థంలో మొదటిసారి వేసేను. నేను రింగు కిందనుంచి బయటికొచ్చేసరికి అంతమంది జనమూ ఒక్కసారి ఊపిరి బిగబట్టేరు. పిల్లలు ఏడుపు మొదలెట్టేరు. ఒకావిడ పసిపిల్ల మొహం మీద చీరచెంగు కప్పేసింది. అబద్ధం ఎందుకు, నాకూ బావుంది. ఎన్ని పట్లు పట్టినా రాని నిశ్శబ్దం ఊరికే నిలబడితే వచ్చింది. రాజోలు అమ్మాయి నా చెయ్యి తగలకుండానే వెల్లకిలా పడింది. పడ్డాక కళ్ళు తెరిచి నన్ను చూసిన చూపులో నిజం బెదురు ఉంది. తర్వాత అడిగితే, "ఏమో అక్కా, ఆ టైములో నువ్వు కనపళ్ళేదు," అంది.

ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. కొట్లో ఒక పెళ్ళివారు నేను విప్పిన చీర తీసుకోడానికి వెనకాడేరు. "అమ్మా, ఇంకెవరినైనా పిలవండి, ఏమనుకోకండి," అన్నారు మర్యాదగానే. మేనేజరు నన్ను పై అంతస్తు గోడౌనులోకి మార్చేరు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ప్రయాణం చేసేవారు. హాస్టల్లో నా రూమ్మేటు తన మంచాన్ని కిటికీ వైపుకి జరుపుకుంది. ఎవరూ తిట్టలేదు, వెక్కిరించలేదు. అందరూ కాస్త చోటు ఇచ్చేరు, అంతే. ఆ చోటు రోజురోజుకీ పెరిగేది.

అమ్మ ఫోను చేసి, "జుట్టు ముడేసుకో. తడిజుట్టుతో నీళ్ళ పక్కకి వెళ్ళకే," అనేది. అప్పటికి నవ్వేసేదాన్ని.

గోదారి సముద్రంలో కలిసే చోటుని మావైపు మొగ అంటారు. ఆ మొగకి దగ్గర్లో ఒక ఊళ్ళో అమ్మవారి తీర్థానికి మా కంపెనీని పిలిచేరు. రింగు వేసిన చోట నేలంతా చెమ్మ. నేను కింద పడుకుని ఉంటే వీపుకి బురద తగులుతోంది, పైన చెక్కల మీద అడుగుల చప్పుడు. ఇంకా పూర్తిగా పొద్దుగూకలేదు. నీళ్ళు పోసేరు. బయటికి పాకి, రింగు ఎక్కి, రాజోలు అమ్మాయి వైపు చెయ్యి చాపేను.

అప్పుడు జనంలోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. ముందు ఎవరూ ఆపలేదు, ఆటలో భాగం అనుకుని ఉంటారు. తాళ్ళ మధ్యనుంచి వంగి లోపలికొచ్చి, నా ముందు నిలబడింది. సన్నటి మనిషి. చీరచెంగు తీసి నా తల తుడవడం మొదలెట్టింది.

"ఇంత తడిసిపోయేవేంటి పాపా," అంది. "ఎన్నాళ్ళని ఇలా తిరుగుతున్నావు? జలుబు చెయ్యదూ?"

వేషంలో ఉన్నప్పుడు ఏం జరిగినా వేషం విడవకూడదని మాకు నేర్పేరు. ఆవిడ పొట్టి మనిషి, తల అందడానికి నా భుజాలు పట్టి కిందకి నొక్కింది. నేను కూర్చున్నాను. ఆవిడ నా వెనకాల కూర్చుని, జుట్టు పాయలుగా తీసి, ఒక్కో పాయా పిండి, తుడిచింది. రాజోలు అమ్మాయి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కాసేపటికి మాస్టారు మెల్లిగా వచ్చి బెల్లు కొట్టేసేరు.

తెర వెనక్కి వచ్చేక ఆ ఊరి ఆవిడొకరు నాకు చెప్పేరు. ఆ పెద్దావిడ కూతురు మొగ దగ్గరికి తోటి ఆడవాళ్ళతో రొయ్యపిల్ల పట్టడానికి వెళ్ళింది. సముద్రం పోటు తొందరగా వచ్చేసింది. తోటివాళ్ళు తిరిగొచ్చేరు, ఆ పిల్ల రాలేదు. "శవం దొరికుంటే ఏడ్చి ఊరుకునేదండీ. ఏదీ దొరకలేదు. ఏదో ఒకనాడు వస్తాదనే ఉంటాది మనిషి."

తర్వాతి మ్యాచ్‌కి ఆవిడే వెతుక్కుంటూ వచ్చింది, రెండు ఆటోలు మారి. ఆ పై మ్యాచ్ నుంచి ఓనరుగారు ఆటో పంపించడం మొదలెట్టేరు. ముందు వరసలో కుర్చీ, కూల్‌డ్రింకు. మైకులో, "అమ్మగారు వచ్చేరండీ," అని చెప్పించేవారు. నేను బయటికి రాగానే ఆవిడ లేచి నిలబడేది. రింగు ఎక్కకుండా కింద నుంచే, "పాపా, జారుద్ది, చూసుకో," అనేది. జనం నన్ను చూసి భయపడి, ఆవిణ్ణి చూసి కళ్ళు తుడుచుకునేవారు. కుర్చీలు చాలకుండా పోయేయి.

"ఈవిడ కంటే పెద్ద టాలెంటు మన దగ్గర లేదండీ," అన్నారు ఓనరుగారు.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేసేరు. "ఆవిడ మన మనిషి కాదండీ. ఏం చేస్తున్నామో తెలిసి వచ్చిన మనిషి కాదు. ఇంటికి పంపించెయ్యండి."

"ఆవిడ సంతోషంగా ఉంది కదండీ?"

నిజంగానే సంతోషంగా ఉండేది. మ్యాచ్ అయ్యేక తెర వెనక్కి వచ్చి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, స్టీలు క్యారేజీ తెరిచేది. పనసాకు దొన్నెల్లో ఉడికించిన పొట్టిక్కలు, అల్లం పచ్చడి. తినిపిస్తానంటే వద్దనలేక, వేషంలోనే, జుట్టు సగం మొహం మీద ఉండగానే తినేదాన్ని. అక్కడ ఏం తిన్నావు, ఎవరితో ఉన్నావు అని ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, "నీళ్ళల్లో చలేసిందా?" అంది. నేను దొన్నెలోకి చూస్తూ ఇంకో ముక్క తుంచుకున్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఒక రోజు తింటూ తింటూ, "పచ్చట్లో అల్లం ఎక్కువేసేవు," అన్నాను.

అన్నాక విన్నాను నా మాట నేనే. ఎప్పుడూ మీరు అనేదాన్ని, ఆ పూట నువ్వు వచ్చింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగేయి, మొహం మాత్రం నవ్వుతోంది.

"నీకెప్పుడూ ఇదే గొడవ కదే. తగ్గించి వేస్తే మీ నాన్న తినడు."

అల్లం పచ్చట్లో అల్లం ఎక్కువైందని ఎవరైనా అంటారు. అందులో ఏముంది అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాను.

ఆ రోజుల్లో నాకు ఒకటే కల. మోకాళ్ళ లోతు నీళ్ళు, పాదాల కింద ఇసక జారిపోవడం, ఒడ్డున ఆడవాళ్ళు వరసగా వెళ్ళిపోతూ ఉండడం. నాకు ఈత వచ్చు, సముద్రం పక్కన పుట్టినదాన్ని. కలలో మాత్రం వచ్చేది కాదు. మార్కెట్లో ఎవరో ఎవర్నో "పాపా" అని పిలిస్తే నేను తిరిగి చూసేదాన్ని. మా ఇంట్లో నన్ను ఎవరూ అలా పిలవరు.

అమ్మ హాస్టలుకి వచ్చింది. నా తల దువ్వుతానని కూర్చోబెట్టుకుని, దువ్వెన ఒక్కసారి దించి ఆగిపోయింది.

"ఇంకెవరో దువ్వినట్టుంది," అంది.

ఆ పెద్దావిడ సంగతంతా చెప్పేను. అమ్మ విని, "పాపం, ఆ తల్లిని ఏమంటాం," అంది. తర్వాత నా గెడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "కానీ ఒకటి విను. పోయినవాళ్ళ చోట్లో కూర్చోకూడదే. వాళ్ళొచ్చి లెమ్మంటే నువ్వెక్కడికి వెళ్తావు?"

ఓనరుగారు చెడ్డమనిషి అని నేను ఎప్పుడూ అనను. చెరువు కాపలా ఆయనకి నడుం పట్టేస్తే సొంత కారులో ఆసుపత్రికి తీసికెళ్ళి దగ్గరుండి చూపించేరు. మా అందరికీ భోజనం పెట్టి ఆఖర్న తినేవారు. ఆయనకి ఒక్కటే తెలుసు. జనం దేనికి కదిలితే అది ఇంకా ఎక్కువ చెయ్యాలి. రాజోలులో పెద్ద షో పెట్టి ఒక ఏర్పాటు చేసేరు. దెయ్యాన్ని వదిలించే మ్యాచ్. నేను ముందు రాజోలు అమ్మాయిని పడేస్తాను. అప్పుడు జిమ్ము అందగాడు కర్పూరం పళ్ళెంతో వచ్చి, నన్ను జుట్టు పట్టి ఈడ్చి, రింగు కిందకి తోసేస్తాడు. ఇక దెయ్యం కథ అయిపోయింది, అతను హీరో.

"ఆ పెద్దావిడ ముందేనాండీ?" అని అడిగేను.

"ఆవిడ ముందేనండీ. ఆవిడకీ ఒక ముగింపు ఉండాలి కదండీ. వదిలిపోయిందని కళ్ళారా చూస్తే మనసు తేలికపడుద్ది."

ఆ మాట ఆయన నమ్మే అన్నారు. అందుకే నేను ఎదురు చెప్పలేకపోయేను. మాస్టారి దగ్గరికి వెళ్ళేను. ఆయన మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ విన్నారు.

"నీకేం వచ్చో అది చెయ్యి," అన్నారు. "నువ్వేం చేసినా నేను లెక్క పెట్టి బెల్లు కొడతాను. మిగతాది నేను చూసుకుంటాను."

రాజోలులో ఆ సాయంత్రం గ్రౌండు నిండిపోయింది. రాజోలు అమ్మాయి చుట్టాలంతా వచ్చేరు, వాళ్ళ బడి టీచర్లతో సహా. వాళ్ళందరి ముందూ ఆ పిల్ల పని, చెయ్యి తగలకుండా పడిపోవడం. నేను తెల్లచీర లోపల జెర్సీ, ట్రాక్‌ప్యాంటు వేసుకుని రింగు కింద పడుకున్నాను. లైట్లు ఎర్రబడ్డాయి. నీళ్ళు పోసేరు. పాక్కుంటూ వచ్చేను, జనం ఊపిరి బిగబట్టడం వినపడింది. రింగు ఎక్కి చూస్తే ముందు వరసలో ఆవిడ, ఒళ్ళో క్యారేజీ.

నేను చీర విప్పేసి మూలకి విసిరేను. జుట్టు పిండి గట్టిగా ముడేసేను. మొహం తుడుచుకున్నాను. రాజోలు అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది.

"నిజంగా పట్టు," అన్నాను. "నువ్వు గెలవాలి, మీ ఊరు ఇది. కానీ నేను ఊరికే ఇవ్వను."

ఒక్క క్షణం పట్టింది ఆ పిల్లకి. తర్వాత నడుం వంచి మీదకి వచ్చింది.

మొదట జనం గోల చేసేరు. దెయ్యం ఏదీ అని అరిచేరు. ఓనరుగారు కింద నుంచి చేతులు ఊపుతున్నారు. జిమ్ము అందగాడు పళ్ళెం పట్టుకుని మూల నిలబడ్డాడు, కర్పూరం కరిగిపోతోంది. నేను ఆ పిల్ల మడమ పట్టేను, ఆ పిల్ల దొర్లి నన్ను తన్ని విడిపించుకుంది. ఎత్తి పడేసేను, లేచింది. తాళ్ళ మీదికి తోసేను, ఆ ఊపుతోనే తిరిగొచ్చి నన్ను గుద్దుకుంది. ఇద్దరం పడ్డాం. వీపు నేలని కొట్టిన చప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎన్నో నెలల తర్వాత నా ఒళ్ళు నాకు తగిలింది. ఎవరో వెనక నుంచి, "మన ఊరి పిల్లా, వదలకే!" అని అరిచేరు. ఇంకెవరో, "కబడ్డీ పిల్లా, కాలు పట్టు!" అన్నారు. కాసేపటికి గ్రౌండు రెండుగా చీలిపోయి అరుస్తోంది. చివరికి నేను మడమ కోసం వంగితే ఆ పిల్ల నా మీంచి దొర్లి, నా భుజాలు నేలకి అదిమేసింది. మాస్టారు అరచేత్తో నేలని కొట్టి లెక్కపెట్టేరు. బెల్లు. ఆ పిల్లని వాళ్ళ ఊరువాళ్ళు భుజాల మీదకి ఎత్తేసుకున్నారు.

నేను మెట్లు దిగుతుంటే పెద్దావిడ అక్కడే నిలబడి ఉంది. నా మొహంలోకి చూసింది. అంత దగ్గరగా, జుట్టు అడ్డం లేకుండా, అప్పుడే మొదటిసారి.

"మా పాపకి ఇయ్యన్నీ రావండీ," అంది.

నేనేదో అనబోయేను.

"పొరపడ్డానండీ. ఏమీ అనుకోకండి."

క్యారేజీ చెయ్యి మార్చుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది. "పెద్దమ్మా," అని పిలిచేను. తిరిగి చూళ్ళేదు. పిలిచింది తనని కాదనుకుని ఉంటుంది.

ఓనరుగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, "రాజోలు వాళ్ళు మళ్ళీ అడుగుతున్నారండీ, మీ ఇద్దర్నే," అన్నారు. ఆ తర్వాత ఒక ఏడాది పైన మాస్టారు చెప్పినట్టే నడిచింది. దింపు తీసే కుర్రాడు ఓడిపోయిన ప్రతి ఊళ్ళోనూ జనం వాణ్ణే మళ్ళీ తెమ్మన్నారు. జిమ్ము అందగాడికి మాట తీరు బావుంటుందని కనిపెట్టి మాస్టారు అతనికి మైకు ఇచ్చేరు, అందులో వెలిగిపోయేడు. కానీ చిన్న కంపెనీ చిన్న కంపెనీయే. రెండు పెద్ద తుఫాన్లకి టెంట్లు పోయేయి, దాంతో ఆగిపోయింది. ఎవరూ ఎవర్నీ తప్పు పట్టలేదు. నేను ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పుతున్నాను. ఈమధ్య కుర్రాళ్ళు కొందరు ఫోన్లలో లైవ్ ఇస్తూ మళ్ళీ రెజ్లింగ్ మొదలెట్టేరు. సలహా అడగడానికి వస్తారు. ఎవడికి ఏం వచ్చో అది చేయించండి అని మాస్టారి మాటే చెప్తాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఆట అని తెలియనివాళ్ళు ఉంటారు, వాళ్ళ జోలికి పోకండి అని నా మాట ఒకటి కలుపుతాను. మొదటిది రాసుకుంటారు. రెండోది విని తలూపుతారు.

కంపెనీ ఆగిపోయేక ఒకసారి ఆ పెద్దావిడ ఊరు వెళ్ళేను. ఎందుకంటే చెప్పలేను. ఆవిడ ఎలా ఉందో చూద్దామనుకున్నాననుకోండి. పెంకుటిల్లు, ముందు వల ఆరేసి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"కబడ్డీ అమ్మాయిగారు కదండీ. రండి, కూర్చోండి."

కుర్చీ దులిపి వేసింది. టీ పెట్టి, గ్లాసు సాసరులో పెట్టి ఇచ్చింది. బంధువుల్ని అడిగినట్టు అమ్మానాన్నల్ని అడిగింది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. గోడ మీద ఒక ఫోటో ఉంది. దానికి దండ లేదు. గుండ్రటి మొహం, చామనచాయ, నవ్వితే పైకి కనపడే చిగుళ్ళు. నాకూ ఆ పిల్లకీ ఎక్కడా పోలిక లేదు. జుట్టు పల్చగా, మెడ దాకా ఉంది.

నేను ఫోటో వైపే చూస్తూ ఉండడం ఆవిడ గమనించింది.

"మా పాపకి జుట్టు ఉండేది కాదండీ," అంది. "వెళ్ళేక పెరిగిందనుకున్నాను."

బయట ఎవరో పడవకి తారు పూస్తున్నారు, ఆ వాసన లోపలికి వస్తోంది.

"మీరు ఆ చీర తీసెయ్యకపోతే ఇంకొన్నాళ్ళు వచ్చేదాన్నండీ," అంది ఆవిడ. నిష్ఠూరంగా అనలేదు. వానలు ముంచకపోతే ఇంకో పంట వేసేవాళ్ళం అన్నట్టు అంది.

నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అయినా టీ అయిపోయిన గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

వెళ్తానంటే రోడ్డు దాకా వచ్చింది. కాట్రేనికోన ఆటో ఆపి, నేను ఎక్కేక, డ్రైవరుతో, "పొద్దుపోయింది బాబూ, జాగ్రత్తగా దింపు. ఆడపిల్ల," అని చెప్పింది. ఆటో కదిలేదాకా ఒక చెయ్యి పక్క రాడ్డు మీదే ఉంచింది.

రెండు మలుపులు దాటేక డ్రైవరు అద్దంలోంచి చూసేడు.

"మీ అమ్మగారాండీ?"

"ఆయ్, అవునండీ," అన్నాను.

ఆ మాట వెనక్కి తీసుకోడానికి దారంతా ఉంది. తీసుకోలేదు.